నరికే చెట్ల లెక్కలో తొర్రలకూ ఒక గడి పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మా ప్రాంతంలో రోడ్డు విస్తరణకు అడ్డొచ్చే చెట్లకు నంబర్లు వేస్తున్నారని మీ పత్రిక జిల్లా పేజీలో వార్త చదివాను. చింతలు ఎన్ని, మర్రులు ఎన్ని, మామిళ్ళు ఎన్ని, కలప విలువ ఎంత, బదులుగా ఎన్ని మొక్కలు నాటుతారు, అన్నీ వివరంగా రాశారు. కానీ ఆ లెక్కలో లేనిది ఒకటుంది. ఆ చెట్లలో వేటికి తొర్రలున్నాయో, ఆ తొర్రల్లో ఏం బతుకుతున్నాయో ఎవరూ రాసుకోలేదు. దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదయింది, మన్నించి పూర్తిగా ప్రచురించమని కోరుతున్నాను.

మాది బొబ్బిలి. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాను. నా సర్వీసులో ఎక్కువ భాగం రాత్రి డ్యూటీలే. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురం వైపు బస్సు నడిపాను. రాత్రిపూట రోడ్డు మీదకొచ్చే జీవాలను డ్రైవర్లు చూసినంతగా ఇంకెవరూ చూడరు. ధాన్యం లారీలు గతుకుల్లో గింజలు రాల్చిన చోటికి ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం గుడ్లగూబలు వస్తాయి. హెడ్‌లైటు సూటిగా కళ్ళలో పడితే గూబకు ఎటు పోవాలో తెలియదు, అక్కడే ఉండిపోతుంది. లైటు డిమ్ చేసి, బండి స్లో చేసి, అది రెక్క విప్పి లేచాకే నేను ముందుకు పోనిచ్చేవాణ్ణి. "ఏటి గురూ, గూబ ఎదురైతే ఆగుతావేటి, అపశకునం కదా" అని కండక్టర్లు అనేవారు. రాత్రంతా నేను నా డ్యూటీ చేస్తున్నట్టే అదీ దాని డ్యూటీ చేస్తోంది, అందులో శకునం ఏముందని చెప్పేవాణ్ణి.

నాకున్న ఈ ఇష్టం మా పెద్దమ్మాయి కూతురికి వచ్చింది. విశాఖలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు తనే ఈ సంగతి చెప్పింది. "తాతయ్యా, వందేళ్ళకు పైగా ఎవరికీ కనబడకుండా పోయిన గూబ ఒకటుంది. దాన్ని మొట్టమొదట పట్టుకున్న ఊరు మనకు దూరమేం కాదు. మన పార్వతీపురం, రాయగడ మీంచి పోవచ్చు" అంది. రోడ్డు పేరెత్తితే నేను ఇంట్లో ఉండలేను. శివరాత్రి వెళ్ళాక పోదామని అప్పుడే అనుకున్నాం.

ఆ గూబ పేరు ఇంగ్లీషులో ఫారెస్ట్ ఔలెట్. మన మామిడి తోపుల్లో, పాత ఇళ్ళ చూరుల్లో కనిపించే చిన్న పైడికంటికి దగ్గరి చుట్టం. 1872లో బ్లెవిట్ అనే ఇంగ్లీషు అధికారి, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బస్నా దగ్గర దాన్ని కొట్టి ఏ.ఓ. హ్యూమ్‌కు పంపాడు. తర్వాతి రోజుల్లో కాంగ్రెస్ సంస్థను పెట్టిన హ్యూమ్ ఈయనే. పక్షుల శాస్త్రంలో ఆయన ఎంత పెద్దవాడో మన పాఠాల్లో చెప్పరు. ఇది కొత్త జాతి అని గుర్తించి, 1873లో దానికి బ్లెవిట్ పేరు పెట్టింది ఆయనే. 1877లో వాలెంటైన్ బాల్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు మన పక్క ఒడిశాలో, ఖరియార్ దగ్గర ఇంకొకటి దొరికింది. తర్వాత డేవిడ్‌సన్ అనే మరో అధికారి పడమటి వైపు ఖాందేశ్‌లో, అంటే ఇప్పటి మహారాష్ట్ర ఉత్తర భాగంలో, కొన్ని సేకరించాడు. 1884 తర్వాత ఇక ఏమీ లేదు. ప్రపంచం మొత్తానికి మిగిలినవి ఏడు నమూనాలు, అవి కూడా మ్యూజియం సొరుగుల్లో.

మధ్యలో ఒక మోసం కూడా జరిగింది. 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర తాను మరొకటి కొట్టానని రిచర్డ్ మైనర్జాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి చెప్పుకున్నాడు. ఆయన మాట మీద గౌరవంతో పుస్తకాలన్నీ ఆ రికార్డును ఎక్కించుకున్నాయి. పమేలా రాస్‌ముసెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆ నమూనాను పట్టి పట్టి చూస్తే, అది డేవిడ్‌సన్ ఎప్పుడో సేకరించినదేనని తేలింది. మ్యూజియం నుంచి దొంగిలించి, కుట్లు విప్పి, మళ్ళీ కుట్టి, తన పేరుతో కొత్త చీటీ కట్టుకున్నాడన్నమాట. ఆ దొంగ చీటీని పక్కన పడేసి, నిజమైన పాత చోట్లనే లెక్కలోకి తీసుకుని ఆవిడ వెతికింది. 1997 నవంబరు 25న, బెన్ కింగ్, డేవిడ్ ఎబట్ అనే ఇద్దరితో కలిసి, మహారాష్ట్రలో షహాదా దగ్గర సాత్పురా కొండల అంచున ఆ గూబను ప్రాణాలతో చూసింది. 113 ఏళ్ళ తర్వాత! ఈ కథ మనవరాలు చెబుతుంటే మా ఇంటావిడ కూడా పొయ్యి కట్టేసి వచ్చి కూచుంది.

అప్పటి నుంచి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్ అడవుల్లో ఇంకొన్ని చోట్ల ఇది దొరికింది. 2014లో ముంబయికి దగ్గర్లోని తాన్సా అభయారణ్యంలో కనిపించింది. అంత పెద్ద నగరం, అన్ని కాలేజీలు, అంతమంది పక్షి ప్రేమికులు ఉండి కూడా అప్పటిదాకా ఎవరి కంటా పడలేదు. ప్రపంచం మొత్తమ్మీద గూడు పెట్టే వయసొచ్చిన పక్షులు వెయ్యి లోపే ఉంటాయని అంచనా. ఇప్పుడు తెలిసిన జాడలన్నీ పడమటి వైపువే. మొదట దొరికిన తూర్పు వైపు, అంటే మన ఉత్తరాంధ్రకు ఎగువన ఉన్న అడవులే, ఆ పటంలో లేవు. మేం చూడాలనుకున్నది ఆ తూర్పునే.

శివరాత్రి తర్వాతే ఎందుకంటే, అప్పటికి అడవిలో ఆకు రాలిపోయి కొమ్మలు బయటపడతాయి. ఈ గూబ మిగతా వాటిలా రాత్రికే పరిమితం కాదు. ఉదయం ఎండలో మోడుకొమ్మ చివర కూచుని పట్టపగలే వేటాడుతుంది. బల్లులు, తొండలు, చిట్టెలుకలు దాని తిండి. కూచున్నప్పుడు తోకను అటూ ఇటూ ఆడిస్తుంది. మన పైడికంటికి నెత్తి నిండా తెల్ల చుక్కలుంటాయి. దీని నెత్తి దాదాపు నున్నగా ఉంటుంది, పొట్ట తెల్లగా, రెక్కల మీదా తోక మీదా పట్టీలు దట్టంగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. మనవరాలు ఫోన్లో బొమ్మలు పక్కపక్కన పెట్టి మా అందరికీ పాఠం చెప్పాకే బయల్దేరనిచ్చింది.

మా తమ్ముడి వ్యాన్ తీసుకున్నాం. స్టీరింగ్ నాది. మనవరాలు, దానితో చదివే ఇంకో అమ్మాయి, మా ఇంటావిడ. పార్వతీపురం, కొమరాడ, రాయగడ. రాయగడ దాకా మనకేం కొత్త ఉండదు, టీ కొట్టు దగ్గర కూడా తెలుగే. అక్కణ్ణించి మునిగుడ, భవానీపట్న మీదుగా ఖరియార్. కొండలు, సాల వృక్షాలు, మధ్యలో పోడు కొట్టిన వాలులు, ఆ వాలుల్లో పంట కోసం కొట్టకుండా వదిలిన ఇప్పచెట్లు. ఇప్పపూలు రాలడం మొదలయ్యే రోజులవి. పూలు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకు చెత్తకు నిప్పు పెడతారు. అది వాళ్ళ జీవనం, తప్పు పట్టలేను. కానీ ఆ నిప్పు పాత చెట్ల మొదళ్ళలోకి పాకి, లోపల బోలుగా ఉన్న మాను మొత్తం రాజుకుని కూలిపోవడం దారి పొడుగునా చూశాం. పడిన మానులన్నీ ముసలివే. తొర్రలుండేవి వాటికే.

ఖరియార్‌కు ఇవతల ఒక పల్లెలో మా అదృష్టం కొద్దీ ఒక పెద్దాయన తగిలాడు. తెలుగు బాగా మాట్లాడాడు. ఆ నువాపడ, బలంగీర్ వైపు జనం ఏటా మన రాష్ట్రాల ఇటుక బట్టీలకు వలస వస్తారు కదా, ఆయనా అలాగే హైదరాబాద్ చుట్టుపక్కల బట్టీల్లో చాలా ఏళ్ళు ఇటుక చేశాడట. మేం గూబ కోసం వచ్చామంటే మొదట నమ్మలేదు. మందు చేయడానికి పట్టుకుపోతారేమోనని అనుమానపడి, మా సంచుల వైపు చూశాడు. అమావాస్య పూజలకని గూబల్ని కొని తీసుకుపోయేవాళ్ళు అక్కడికీ వస్తారట. మనవరాలు పుస్తకం తీసి బొమ్మలు చూపించి, బైనాక్యులర్స్ ఆయన కళ్ళకు పెట్టి, ఎదురుగా ఉన్న చిలకను చూపించాక మెత్తబడ్డాడు. తర్వాత వదిలితేగా! తనకు తెలిసిన తొర్రలన్నీ తిప్పి చూపించాడు. ఏ చెట్టులో చిలకలు, ఏ చెట్టులో గోరింకలు, ఏ చెట్టులో ఉడుము, ఏది తేనెపట్టుది, ఏది గూబది, ఆయన మాకు ఊరిలో ఇళ్ళు చూపించినట్టు చూపించాడు. కొన్ని చోట్ల ఆగి ఉత్త నేల చూపించి, "ఇక్కడ ఉండేది, కొట్టేశారు" అన్నాడు. అభయారణ్యం లోపలికి మేం పోలేదు. పల్లె అంచులు, రోడ్డు పక్క అడవి, అంతే.

రెండో ఉదయం ఎండ ఎక్కుతున్న వేళ, ఒక మోడు చివర చిన్న గూబ కూచుని ఉంది. పట్టపగలు, ఎండలో, అందరికీ కనబడేలా. తోక ఒకసారి కదిలింది. నాకు చెమటలు పట్టాయి. ఘాట్‌లో బ్రేకు తగ్గినప్పుడు కూడా అంత టెన్షన్ పడలేదు. మనవరాలు బైనాక్యులర్స్ పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చేతికిచ్చి, "నెత్తి చూడు తాతయ్యా" అంది. చూశాను. చుక్కలు. స్పష్టంగా, తెల్లగా, నెత్తంతా. మన పైడికంటే అది.

ఆ రెండో అమ్మాయి, ఫోన్లో ఫారెస్ట్ ఔలెట్ కూత పెడదామా, ఉంటే పలుకుతుంది కదా అని అడిగింది. మనవరాలు వద్దంది. ఇది గూడు కట్టే కాలం, వేరే గూబ తన చోటుకొచ్చిందనుకుని గుడ్లు వదిలేసి కొట్లాటకు వస్తుంది, సర్వే చేసే శాస్త్రవేత్తలు అనుమతులతో, లెక్కతో చేసేపని మనం సరదాకు చేయకూడదు అని చెప్పింది. ఈ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య మన తాటిపూడి, తోటపల్లి వైపు కెమెరాలు పట్టుకుని వచ్చే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. సంతోషమే. కానీ గూడు దగ్గర కూతలు మోగించడం, రాత్రి టార్చి కళ్ళలో కొట్టి ఫొటో తీయడం, తొర్ర ఎక్కడుందో ఫేస్‌బుక్‌లో పెట్టడం, ఈ మూడూ మానండి బాబూ. మీరు పెట్టిన చోటు వేటగాడు కూడా చదువుతాడు.

బస్నా వైపు కూడా వెళ్ళాం. ఆ ప్రాంతాన్ని పాత కాలంలో ఫుల్‌ఝర్ జమీందారీ అనేవారు. పెద్ద హైవే, వరి పొలాలు, బజార్లు. బ్లెవిట్ కాలంనాటి అడవిని అక్కడ ఊహించుకోవాలంతే. పైడికంటులు కనిపించాయి, ఒళ్ళంతా సన్నటి చారలుండే జంగిల్ ఔలెట్ కూత వినిపించింది. మేం వెతికింది కనబడలేదు. తిరుగు ప్రయాణంలో, రాయగడ దాటి కొమరాడ వైపు వస్తుంటే, నాగావళిలో కలిసే ఒక గెడ్డ దగ్గర చీకటి పడేవేళ, బండరాయి మీద చేపలు పట్టే పెద్ద గుడ్లగూబ కూచుని కనిపించింది. చెవుల్లా నిక్కిన ఈకలు, పసుపు కళ్ళు, ఒక మనిషి మోచేతి పొడుగు. ఇది మన ఇలాకా. దాని కోసం పరాయి రాష్ట్రం పోనవసరం లేదు.

ఇంత దూరం తిరిగి నేను గమనించిన సంగతి చెప్పడానికే ఇదంతా రాశాను. ఆ దారి పొడుగునా మాకు గూబ కనబడిన ప్రతిచోటా దగ్గర్లో తొర్ర ఉన్న ముసలి చెట్టు ఉంది. చింతో, మర్రో, మామిడో, ఇప్పో, మద్దో. కొత్తగా వెడల్పు చేసిన రోడ్ల మీద, మధ్యలో గన్నేరు మొక్కలు, పక్కన కంచెల్లో నాటిన మొక్కలు ఉన్నచోట, మైళ్ళకు మైళ్ళు ఒక్కటీ లేదు. గూబ తన తొర్రను తాను తొలుచుకోలేదు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన రంధ్రమో, కొమ్మ విరిగి ఏళ్ళ తరబడి నాని కుళ్ళిన బొక్కో ఉండాలి. మొక్క నాటిన పదేళ్ళకు నీడ వస్తుంది. తొర్ర రావడానికి మనిషి ఆయుష్షు చాలకపోవచ్చు. అందుకే ఒక చెట్టుకు బదులు పది మొక్కలు అనే లెక్క నీడకు సరిపోతుందేమో గానీ, తొర్రకు సరిపోదు.

ఇది గూబల ఒక్కదాని గొడవ కాదు. 2018లో మన ప్రభుత్వం రాష్ట్ర పక్షిగా రామచిలుకను ప్రకటించింది. అది గూడు పెట్టేది తొర్రలోనే. దసరానాడు చూస్తే శుభమని పొలిమేర దాటి వెళ్ళి మరీ వెతుక్కునే పాలపిట్టదీ తొర్ర కాపురమే. గోరింక, వడ్రంగిపిట్ట, మన కొండల్లోని కొమ్ముపిట్టలు, అన్నీ అంతే. పండగనాడు దండం పెట్టి, మర్నాడు దాని ఇల్లు కొట్టేస్తే ఏం న్యాయం?

రెండేళ్ళ కిందట మా దగ్గర ఒక రోడ్డు పనిలో జరిగింది చెబుతాను. ఊరి బయట పాత చింత ఒకటి. మా నాన్న ఎడ్లబండి దాని నీడన ఆపేవాడు. నంబరు వేశారు, రంపం పెట్టారు. మాను నేల మీద పడేసరికి మధ్యలోని తొర్ర పగిలి మూడు పిల్లలు బయటికి దొర్లాయి. తెల్లటి మొహాలు, నల్లటి కళ్ళు, ఒంటి నిండా నూగు. చావుపిట్ట అంటారే, ఆ గూబ పిల్లలు. కూలివాళ్ళు దెయ్యాలని దూరం జరిగారు. వాళ్ళనేం అనగలం? 2017లో విశాఖలో కట్టుబడి జరుగుతున్న ఇంట్లో ఇలాంటి పిల్లలే కనబడితే, గ్రహాంతర జీవులని దేశమంతా వీడియో తిరిగింది. మా చింత తొర్రలోంచి పడ్డ మూడింటిలో ఒకటి అక్కడే చనిపోయింది. మిగిలిన రెండింటినీ అట్టపెట్టెలో గడ్డి వేసి, మా ఇంటి వెనక నీడన ఉంచి ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేశాను. వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. పని చేయించే ఆయన్ని, చెట్టు కొట్టేముందు తొర్ర చూడలేదేం అని అడిగాను. "మాకిచ్చిన లిస్టులో చెట్టు పేరు, చుట్టుకొలత, ఎత్తు, కలప విలువ ఉన్నాయి. తొర్ర సంగతి ఎక్కడుంది?" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కాగితం మీద లేనిదాని గురించి రంపం పట్టుకున్నవాడు ఆలోచించడు.

అందుకని నేను అడిగేది చాలా చిన్నది. నరకడానికి చెట్లను లెక్కించే పట్టికలో ఇంకొక్క గడి చేర్చండి: తొర్ర ఉందా, లేదా. ఉంటే ఎంత ఎత్తులో ఉంది, అందులో ఏమైనా కాపురం ఉందా. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. ఆ అనుమతి కాగితంలో ఈ గడి పెట్టడానికి అసెంబ్లీ కూర్చోనక్కర్లేదు. లెక్కించే సిబ్బంది ఎలాగూ ప్రతి చెట్టు దగ్గరకీ వెళ్తారు, టేపు పెడతారు, రంగు వేస్తారు. తల ఎత్తి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. సాయంత్రం పూట వెళ్తే ఇంకా మంచిది. సూర్యుడు దిగాక పావుగంట చెట్టు కింద నిలబడితే లోపల ఎవరున్నారో వాళ్ళే బయటికి వచ్చి చెబుతారు.

తొర్ర ఉన్న చెట్టును వీలైతే వదలండి. రోడ్డు నాలుగడుగులు పక్కకు జరిగితే చెట్టు మిగిలే చోట్లు చాలా ఉంటాయి, ఇది బండి నడిపిన వాడిగా చెబుతున్నాను. మలుపులో చూపుకు అడ్డొచ్చే చెట్టు వేరు, తిన్నటి రోడ్డు పక్కన ఉన్న చెట్టు వేరు. మొదటిదాన్ని తీయాల్సిందే, ప్రయాణికుల ప్రాణాలు ముఖ్యం. రెండోదానికి తెల్ల రంగు పట్టీ, రేడియం స్టిక్కరు వేస్తే చాలు. ఎలాగూ తప్పదనుకుంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి. మన వైపు చాలా గూబలు చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా గూడు పెడతాయి. పనుల వరుస కొంచెం మార్చుకుంటే సరిపోతుంది.

ఒక పిట్ట కోసం పనులు ఆగుతాయా అని కొందరు నవ్వుతారు. వాళ్ళకు కలివికోడి సంగతి గుర్తుచేస్తాను. 1900 తర్వాత కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతుంటే, దాన్ని ఇదిగో అని చూపించినవాడు అక్కడి వేటగాడు ఐతన్న. తర్వాత ఆ పిట్ట ఉండే తుప్పల మీదుగా తెలుగుగంగ కాలువ వస్తుంటే, కాలువ దారినే మార్చారు. నీళ్ళూ పారాయి. అంత పెద్ద కాలువనే తిప్పగలిగిన రాష్ట్రంలో ఒక గడి గీయడం కష్టమా?

రైతు సోదరులకు కూడా ఒక మాట. ఎలుకల మందు పెట్టే సీజన్లో, బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. దాన్ని పట్టి తిన్న గూబకూ ఆ విషం ఎక్కుతుంది. చచ్చిన ఎలుకల్ని ఏరి పాతిపెట్టండి. గట్టు మీద ఒక ముసలి చెట్టును, పొలంలో నాలుగు పంగల కర్రల్ని ఉంచండి. ఎలుకల్ని తినే పిట్టను రాళ్ళతో కొట్టి, ఎలుకల మందుకు డబ్బు పెట్టడం నష్టం మీద నష్టం. గుడ్లగూబను పట్టినా, అమ్మినా, చంపినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. దీపావళి ముందు ఎవరైనా గూబ కోసం బేరానికొస్తే ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేయండి.

ఫారెస్ట్ ఔలెట్ మన వైపు ఉందో లేదో తేల్చాల్సింది శాస్త్రవేత్తలు, అటవీ శాఖ. ఖరియార్ నుంచి రాయగడ దాకా, అక్కణ్ణించి మన కురుపాం, సాలూరు కొండల దాకా, ఆకు రాలిన కాలంలో ఒక క్రమం ప్రకారం వెతికించమని ఆంధ్రా, ఒడిశా అటవీ శాఖలు రెంటినీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. విశ్వవిద్యాలయాల్లో మా మనవరాలి లాంటి పిల్లలు చాలామంది ఉన్నారు, దారి ఖర్చులిస్తే నడవడానికి సిద్ధంగా ఉన్నారు. వెతికేదాకా అయినా ఆ తొర్రలు మిగలాలి కదా. చెట్టు పోయాక వచ్చే సర్వే ఏం రాసుకుంటుంది?

మా బొబ్బిలి నుంచి పార్వతీపురం దాకా, ఇటు రామభద్రపురం దాకా రోడ్డు పక్కన తొర్రలున్న చెట్లు ఏవేవో నాకు తెలుసు. నంబర్లు వేసే సిబ్బంది ఎవరైనా సరే, సాయంత్రం ఐదు తర్వాత ఏ రోజు రమ్మన్నా వస్తాను. వ్యాన్ మాదే, డీజిల్ కూడా నాదే. చూపించిన ప్రతి చెట్టు వివరం వాళ్ళ ఎదుటే రాసిస్తాను, వాళ్ళు పట్టికలో ఎక్కించుకుంటే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా.